ఎలుకల మందు – మా మోతి

ఎలుక అంటే మనకు నవ్వులాట. కాని పొట్టకొచ్చిన పొలంల పందికొక్కులు పడితే రైతు ఇల్లు ఎట్లుంటదో చూసినోళ్లకే తెలుసు.

మాది సిరిసిల్ల దిక్కు ఒక తండా. ఎకరం పొలం ఉన్నది. పోయిన యాసంగిల హోలీ పండుగకు నేను ఇంటికి పోయిన. పొద్దుగాల బాపు పొలం చూసొచ్చి ఏమీ మాట్లాడకుండ కూర్చున్నడు. నేను ఉరికిపోయి చూసిన. మడి నడిమిట్ల చాప పరిచినంత జాగల వరి కర్రలు కొడవలితోని ఏటవాలుగ కోసినట్టు పడి ఉన్నయి. ఒరం నిండ బొరియలే. పందికొక్కు ముందటి పండ్లు బతికినన్ని రోజులు పెరుగుతనే ఉంటయి. అందుకే అది కొరుకుతనే ఉంటది. గింజ పడ్డంక గొలుకలను బొరియలకు గుంజుకపోయి దాచుకుంటది.

బాపు జింక్ ఫాస్ఫైడ్ తెచ్చిండు. నల్లటి పొడి. అన్నంల కలిపి ఉండలు చేసి ఒరం మీద బయటనే పెట్టిండు. తెల్లారి చూస్తే నాలుగేండ్ల మా చెల్లె చేతిల ఒక ఉండ! యాడి ఉరికి ఆ చెయ్యి మీద కొట్టింది. సబ్బుతోని మళ్ల మళ్ల కడుగుకుంట ఏడ్చింది. చెల్లెకు ఏమీ కాలేదు. కాని మా కుక్క మోతి పొద్దుగూకేసరికి చచ్చిపోయింది. ఆ విషానికి విరుగుడు లేదట. ఆ రాత్రి బాపు అన్నం ముట్టలేదు.

ఎలుకలు మాత్రం తగ్గలేదు. కోరుట్ల నుంచి మా మామ వచ్చి అన్నడు: "బావా, నువ్వొక్కనివి చంపితే ఏం లాభం? పక్క పొలం ఎలుక వచ్చి నీ బొరియల కాపురం పెడ్తది."

ఆ మాట తండా అంత విన్నది. వానకాలం నాట్లకు ముందే అందరు ఒక్కసారి దిగిండ్రు. నేను కూడ పోయిన. లావు ఒరమే ఎలుకకు ఇల్లు, అందుకని ఒరాలను సన్నగ చెక్కినం. సాయంత్రం బొరియలన్ని మట్టితోని మూసినం. తెల్లారి ఏవి తెరుచుకున్నయో వాటిలనే ఎలుకలున్నట్టు. కుండల గడ్డి కాల్చి ఆ బొరియలకు పొగ పట్టినం.

తర్వాత మిగిలిన బొరియలకు పెద్దోళ్లే మందు పెట్టిండ్రు. ఎలుకకు కొత్త తిండి మీద అనుమానం ఎక్కువ. అందుకే ముందు రెండు రోజులు నూనె కలిపిన వట్టి నూకలు పెట్టి అలవాటు చేసిండ్రు. మూడో రోజు 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కట్టెతోని కలిపి, కాగితం పొట్లాలు కట్టి, బొరియల లోపల దోపి మూసిండ్రు. చచ్చినవాటిని పాతిపెట్టిండ్రు. ఆ రోజులల్ల పిల్లలను, కుక్కలను, కోళ్లను పొలం దిక్కు రానియ్యలేదు.

2016ల పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలైనయి. ఎలుకకు జిల్లా హద్దే కాదు, ఒరం హద్దు కూడ తెల్వదు. దసరాకు పోయి చూస్తే మా మడి నడుమ ఖాళీ జాగ కనబడలేదు. మోతి కట్టు తాడు మాత్రం ఇంకా గుంజకే ఉన్నది.

మిత్రులారా! మన హాస్టల్ కిటికీల నుంచి మిగిలిన అన్నం పారేస్తున్నం. ఎలుకలను మనమే పిలుస్తున్నం. ఒక్క గది వాళ్లు శుభ్రంగ ఉంటే సరిపోదు. అన్ని గదుల వాళ్లం ఒకేసారి మొదలుపెడదాం.

– 9వ తరగతి విద్యార్థి