అమ్మ కొండెక్కితే

ఆలిసన్ హార్‌గ్రీవ్స్ అనే బ్రిటిష్ ఆవిడ 1995 మేలో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, షెర్పాల సాయం తీసుకోకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఇంటి దగ్గర ఆరేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. ఆ ఆగస్టులోనే కే2 శిఖరం ఎక్కి దిగుతూ తుఫానులో చిక్కుకుని చనిపోయింది. పసిపిల్లల తల్లికి ఇదేం పని అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

1924లో ఎవరెస్ట్ మీద పోయిన జార్జ్ మాలరీకి ముగ్గురు పిల్లలు. ఆయన్ని మాత్రం వీరుడన్నారు. అంతకు రెండేళ్ల ముందు ఆయన బృందానికి బరువులు మోస్తూ ఏడుగురు మంచుపెళ్లల కింద పడి పోయారు. వాళ్లు వెళ్లింది కూలి కోసం. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఆలిసన్ కొడుకు టామ్ కూడా కొండలే పట్టుకున్నాడు. 2019లో నంగా పర్బత్ మీద, 30 ఏళ్లకే పోయాడు. అది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

కొండ పిలుపు నాకు బొత్తిగా అర్థం కాదని అనను. ఇంటిల్లిపాదీ పడుకున్నాక నిద్ర ఆపుకుని మరీ చదువుకుంటాను, ఎవరికీ ఏమీ కాని ఆ ఒక్క గంట కోసం. కాకపోతే నా గంటకి ఎవరి ప్రాణమూ పణం కాదు.

చిన్నపిల్లలున్నవాళ్లు అంత ప్రమాదానికి దిగకూడదనే నేనంటాను. అయితే ఆ మాట నాన్నలకీ చెప్పాలి. బరువు మోసేవాడింట్లోనూ పిల్లలుంటారని ఇద్దరికీ గుర్తుచేయాలి.