నీళ్లలో దాహం

తరగతిలో విరోధాభాసాలంకారానికి ఎన్నెన్నో ఉదాహరణలు చెప్పాను గానీ, సముద్రపు చేపను మించినది లేదని ఇప్పుడనిపిస్తున్నది. దాని ఒంటిలోని లవణం చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే ఇంచుమించు మూడవ వంతే. అందువలన ఒంటిలోని నీరు నిరంతరం వెలికి పోతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అది ఆ ఉప్పునీటినే త్రాగి, మిగులు ఉప్పును మొప్పల గుండా విసర్జిస్తుంది. నీట మునిగి ఉండీ దాహమే!

మా అబ్బాయి ఇంట ఉప్పునీటి తొట్టిలో రెండు క్లౌన్ చేపలున్నవి. ఈ జాతిలో పెత్తనం ఆడచేపదే. అది మగదానిని తరిమి తరిమి తోక చీల్చింది. ప్రక్కన పొలుసులు రాలి పుండు పడింది. ఒంటిమీది జిగురుపొర చెదిరితే నీటినష్టం మరింత హెచ్చు, సూక్ష్మజీవులకూ దారి దొరుకుతుంది.

"తాతయ్యా, మందు వెయ్యరా?" అన్నది మనవరాలు. రాగిమందు పరాన్నజీవులకే గాని పుండుకు కాదు. పైగా తొట్టిలోని రొయ్యలకు, పగడాలకు అది విషం. వలతో పడితే ఉన్న పొర కూడా ఊడుతుందని, గిన్నెతో ముంచి చిన్న తొట్టిలోకి మార్చాము. దాగడానికొక గొట్టం ముక్క, గాలిబుడగలు, ప్రతిదినం కొంత నీటి మార్పు. అదే ఉప్పు, అదే వెచ్చదనం. ఆవిరైన మేరకు మాత్రం మంచినీళ్లే పోయాలి; ఉప్పు ఆవిరి కాదు కదా!

మూడు రోజులు అది మేత ముట్టలేదు. ఇంట్లో ఎవ్వరమూ ఆ మాట ఎత్తలేదు. నాలుగవనాడు ఒక్క గుళిక అందుకున్నది. పక్షం దాటేసరికి తోక అంచున అద్దంలాంటి కొత్త పొర కనబడింది.

పెద్ద తొట్టిలో రాళ్ల అమరిక మార్చి, ఆడచేపకు తన హద్దులు తెలియకుండా చేసి, దీనిని వదలుదామని అబ్బాయి. మనవరాలు ససేమిరా అంటున్నది.