పేరు కన్నా ముందు నాడి

పుట్టుకతో నాకు వచ్చింది ముస్లిం పేరు. ఇరవై మూడో ఏట వచ్చింది షుగర్. అదీ ఇన్సులిన్ లేకపోతే బతుకే లేని టైప్-1 రకం. ఈ రెండింటి గురించీ జనం నాతో అనే మాట ఒక్కటే: "చూస్తే అలా కనిపించవే!"

ఇరవై ఏళ్లుగా విలేకరిని. చదివింది బి.ఎ. తెలుగులో రాస్తాను, ఉర్దూలో కలలు కంటాను. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద జరిగిన ప్రమాదాల వార్తలు ఎన్ని రాశానో లెక్కలేదు. వార్తకు మృతుడి పేరు, వయసు, ఊరు కావాలి. ప్రాణం నిలబెట్టడానికి ఆ మూడూ అక్కర్లేదు. గాలి పోయే దారి, ఊపిరి, నాడి చూస్తే చాలు. ఈ తేడా నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే నలభై దాటాక, అంబులెన్సు వచ్చేలోగా ప్రాణం కాపాడే శిక్షణలో చేరాను.

"ఖుద్ బీమార్ హై, లోగోంకు క్యా బచాతా రే?" అంది అమ్మీ. నువ్వే రోగివి, జనాన్నేం కాపాడతావురా అని.

అమ్మీకి జవాబు మొదటి పాఠంలోనే దొరికింది. రోగిని ముట్టుకునే ముందు చుట్టూ చూడు. వచ్చే బండి, తెగిన కరెంటు తీగ, కారిన పెట్రోలు, రెచ్చిపోయిన గుంపు. సాయానికి వెళ్లినవాడు మరో బాధితుడు కాకూడదు. ముందు నువ్వు నిలబడితేనే ఇంకొకర్ని నిలబెట్టగలవు.

గుండె ఆగిన మనిషి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఎంత బలమున్నవాడైనా రెండు నిమిషాలకే అలిసిపోతాడు. అందుకే మనిషి మారుతుండాలి. మూడో రోజు బొమ్మ మీద నొక్కుతుంటే నా వేళ్లు చల్లబడ్డాయి, కళ్ల ముందు మసక కమ్మింది. "నాకు షుగర్ పడిపోతోంది, నువ్వు అందుకో" అని పక్కవాడికి చెప్పి లేచాను. రక్తం చుక్క పరీక్షిస్తే 58. డెబ్బైకి తగ్గితేనే జాగ్రత్త పడాలి. మూడు చెంచాల గ్లూకోజు, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలుపుకుని తాగాను. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకుని, బొమ్మ దగ్గరికి వెళ్లాను.

"నిజంగా రోడ్డు మీద ఇలా అయితే?" అని శిక్షకుడు సూటిగా అడిగాడు. అడగాల్సిందే. ఎదుటివాడి ప్రాణంతో నా పట్టుదల ఆడుకోకూడదు. ఇద్దరం కూర్చుని నియమాలు రాసుకున్నాం. పనికి ముందు పరీక్ష. ఎప్పుడూ జేబులో గ్లూకోజు. నా జబ్బు సంగతి పక్కవాడికి ముందే తెలిసి ఉండాలి. షుగర్ తగ్గినప్పుడు బండి తోలకూడదు. ఆ షరతుల మీదే నన్ను కొనసాగించారు.

శిక్షణ సగం రంజాన్‌లో సాగింది. గ్లూకోజు చప్పరిస్తుంటే, "రోజా ఉండవా? నువ్వేం ముస్లింవి?" అన్నాడో మిత్రుడు. మా బంధువొకాయనా అదే అన్నాడు. రోగికీ ప్రయాణికుడికీ ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. ఇవ్వనిది వీళ్లిద్దరే!

తరగతిలో నా రెండు భాషలూ పనికొచ్చాయి. పాతబస్తీ ముసలామె "చక్కర్ ఆరా" అంటే తెలుగు కుర్రాడికి చక్కెర అని వినిపిస్తుంది. ఆమె చెప్పేది కళ్లు తిరుగుతున్నాయని. "సీనే మే జలన్" అంటే గ్యాసని తీసిపారేయొద్దు, గుండెపోటు కావచ్చు. భయంలో మనిషి అమ్మ భాషలోనే మాట్లాడతాడు. ఆ భాష రానివాడికి రోగం సగమే తెలుస్తుంది.

షుగర్ పడిపోయినవాడికి చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. చూసేవాళ్లు తాగాడనుకుంటారు. నా విషయంలో ఇంకో అనుమానమూ తోడవుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకెళ్లిన మా కుర్రాళ్లు పలువురు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఈలోగా పోయిన వాళ్ల కాలాన్ని ఏ తీర్పు తిరిగిస్తుంది? అలాంటి నగరంలో సంచి పట్టుకుని, చెమటలు కక్కుతూ వణికే గడ్డంవాడిని, సంచిలో సూదులున్నవాడిని జనం ఏమనుకుంటారో మీరే చెప్పండి. చుట్టూ చూసుకోమన్న పాఠంలో నాకు కరెంటు తీగతో పాటు నా పేరు కూడా ఉంది.

రోడ్డు ప్రమాదాల్లో సాయపడేవాళ్ల రక్షణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షను చేరింది. సాయం చేసినవాడు తన పేరు చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. నన్ను పేరడగకుండా మంచివాడిగా ఒప్పుకున్న చట్టం నాకు తెలిసి ఇదొక్కటే!

ఇప్పుడు నా చొక్కా జేబులో ఒక కార్డు ఉంటుంది. 'నాకు షుగర్ ఉంది. ఇన్సులిన్ తీసుకుంటాను. తెలివిలో ఉంటే తీపి ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి' అని రాసుంది. అది రాసేటప్పుడు, "జబ్బు పెద్దగా రాయండి, పేరు చిన్నగా రాయండి" అంది నా భార్య. ఆమె చూసిన లోకం ఆమెతో అలా అనిపించింది.

నేను రెండూ ఒకే సైజులో రాశాను. జబ్బు దాచుకుంటే ప్రాణం పోతుంది. పేరు దాచుకుంటే, మిగిలిన ప్రాణం ఎవరిదో నాకే తెలియకుండా పోతుంది.