గది మార్చమని అడిగింది

నన్నూ నా రూమ్మేట్‌నీ చూసి హాస్టల్లో అందరూ ‘ఒకే కంచం, ఒకే మంచం’ అనేవాళ్లు. నాకది గర్వంగా ఉండేది. ఆమెకెలా ఉండేదో పట్టించుకోలేదు. పదేళ్ల కిందటి మాట, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే రోజులు. భయపెట్టే రూమ్మేట్ గురించి మీరు వినే ఉంటారు. ఆ రూమ్మేట్‌ని నేను.

మొదట్లో అంతా సేవే. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేశాను, ల్యాబ్ రికార్డులు రాసిపెట్టాను, మెస్‌లో ఆమె వంతు పెరుగు దాచేదాన్ని. చేసినదానికల్లా లోపల పద్దు రాసుకుంటున్నానని నాకే తెలీదు. ఆమె వేరే అమ్మాయితో అమీర్‌పేట వెళ్లి డ్రెస్ కొనుక్కొచ్చిన రోజు అది బయటపడింది. అలిగి అన్నం మానేశాను. బతిమాలి తినిపించింది. ఆ ముద్ద రుచి మరిగాను.

ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ ఏదో అవసరానికి తనే చెప్పింది. ఆ తర్వాత తను స్నానానికి వెళ్లినప్పుడల్లా ఇన్‌బాక్స్ తెరిచేదాన్ని. ఒక క్లాస్‌మేట్‌కి ఆమె పేరుతోనే ‘ఇంక నాకు మెసేజ్ పెట్టకు’ అని పంపి, ఆమెకు కనపడకుండా చెరిపేశాను. అతను ఎందుకు ముఖం తిప్పుకుంటున్నాడో తెలీక ఏడిస్తే ఓదార్చిందీ నేనే.

ఆమె సంక్రాంతికి ఊరెళ్లి ఫోన్ ఎత్తలేదని గోదావరి జిల్లాలోని వాళ్లింటికి చెప్పాపెట్టకుండా వెళ్లాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. వాళ్లమ్మ ‘పండగపూట ఒక్కదానివే ప్రయాణమేంటి తల్లీ’ అంటూ పీట వేసి, గారెలూ కోడికూరా వడ్డించింది. తను మాత్రం వంటింటి గుమ్మం దగ్గరే తలుపు పట్టుకుని నిలబడింది, లోపలికి రాలేదు. కళ్లల్లో కోపమైనా ఉంటే సర్దుకునేదాన్నేమో. భయం ఉంది. చూశాను, అయినా ఇంకో గారె వేయించుకున్నాను.

సెలవులవగానే వార్డెన్‌ దగ్గరికి వెళ్లి గది మార్చమంది. ఆవిడ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ‘అక్కచెల్లెళ్లలా ఉండేవాళ్లు, చిన్న గొడవలకే గదులు మారుస్తారా’ అని మందలించి పంపేసింది. ఆ రాత్రి లోపల గడియపెట్టి, తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. నువ్వెళితే నేను బతకనన్నాను. తెల్లవార్లూ ఆమె మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నన్ను కనిపెట్టుకుని ఉంది, పాపం. చావు పేరు చెప్పి మనిషిని కట్టేయడం మెడ మీద కత్తి పెట్టడం లాంటిదే. అప్పుడు దాన్ని ప్రేమ అనుకున్నాను.

పొద్దున బాత్రూంలోంచి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి తీసుకెళ్లిపోయారు. ఆ సెమిస్టర్ పోయింది ఆమెకే, నాకు కాదు.

కేసు పెట్టలేదు. 2013లో ఐపీసీలో చేర్చిన 354డి గానీ, దాని స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ గానీ ఆడవాళ్ల వెంటపడే మగవాడి గురించే చెబుతాయి. ఆడపిల్ల వెంట ఆడపిల్ల పడితే వాటి కిందికి రాదు. పాస్‌వర్డ్ సంగతి వేరు. దురుద్దేశంతో ఇంకొకరిది వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాళ్ల నాన్న కేసు పెట్టి ఉంటే అన్యాయమనేదాన్ని కాదు.

మా నాన్న నన్ను ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ‘పిచ్చాసుపత్రి’ అని ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావని అమ్మ గోల. చాలాకాలం మందులూ, మాటలూ నడిచాయి. ఒంటరిగా మిగిలిపోతానన్న భయం నాకు చిన్నప్పట్నుంచీ ఉందని అక్కడ తేలింది. అది నా జబ్బు. మోసింది ఆమె.

క్షమాపణ చెప్పమని స్నేహితులు అంటుంటారు. చెప్పను. చెప్పడానికి మళ్లీ ఆమె తలుపు తట్టాలి.

నాలాంటి పిల్లలుంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. 2022లో మొదలైంది, మా కాలంలో లేదు. వార్డెన్లకు ఒక్క మనవి. ఏ అమ్మాయైనా గది మార్చమని అడిగితే ఆ రోజే మార్చండి. రెండోవాళ్లను పిలిచి రాజీ చేయకండి. కారణం తర్వాత, ఒంటరిగా అడగండి.