తాళంచెవి నేర్పిన పాఠం

పరుల సొమ్ము పాము వంటిదని తెలుగు పెద్దలు అన్నారు. అమానత్‌ను కాపాడుమని మా ఇంటి పెద్దలు చెప్పారు. తరగతిలో ఎన్నోసార్లు వల్లించిన ఈ మాటల బరువు ఎంతటిదో ఒక సాయంకాలం బాలాపూర్ చౌరస్తాలో మాకు తెలియవచ్చింది.

అది రంజాను మాసం. ఇఫ్తారు వేళ సమీపిస్తున్నది. ఖర్జూరాలు కొనవలెనని స్కూటరు ఆపి, తొందరలో తాళంచెవి దానికే వదలి దిగాము. బేరం ముగించి తిరిగి చూచేసరికి స్కూటరు లేదు!

ఠాణాకు బయలుదేరిన మమ్ములను పరిచయస్థులొకరు ప్రక్కకు పిలిచి హితబోధ చేశారు. “సార్, తాళం వేసే దిగానని వ్రాయండి. లేకుంటే బీమా పైసా రాదు. కంపెనీ సొమ్మే గదా, ఎవరికి నష్టం?” నిజం చెప్పవలెనంటే మా మనస్సు ఊగింది. కట్టవలసిన వాయిదాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కాగితంపై కలం పెట్టి కొంతసేపు కదలక కూర్చున్నాము. పగలంతా ఉపవాసమున్న నోటితో అబద్ధమాడడానికి సిగ్గు కలిగింది. జరిగినది జరిగినట్లే వ్రాసి ఇచ్చాము.

కొన్నాళ్ళకు బీమా కంపెనీ తరపున దర్యాప్తుకు వచ్చిన పెద్దమనిషి మొట్టమొదట అడిగినది తాళంచెవులు రెండూ చూపుమని. మా వద్ద మిగిలినది ఒక్కటే. మమ్ములనే దొంగగా భావిస్తున్నారని అభిమానం దెబ్బతిన్నది. కాని మా ఫిర్యాదు చదివిన పిమ్మట వారు అసలు సంగతి శాంతంగా వివరించారు.

బండిని తామే రహస్యంగా అమ్మి, ఒక తాళంచెవి కొన్నవానికిచ్చి, చోరీ అయినదని ఫిర్యాదు చేసేవారు కొందరు. ఇక ముఠాల పద్ధతి వేరు. ప్రమాదంలో నుజ్జయిన కారును కేవలం దాని కాగితాల కోసం తుక్కు ధరకు కొంటారు. అదే రకం కారును మరొకచోట దొంగిలించి, చాసిస్ నంబరు చెరిపి, నుజ్జయిన కారు నంబరును దానిపై చెక్కుతారు. చచ్చిన బండి కాగితాలతో దొంగబండి బ్రతుకుతుంది! పూర్తిగా నాశనమైన వాహనం సంగతి 14 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ఎందుకు ఆదేశించిందో అప్పుడు బోధపడింది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 111వ సెక్షనులో వాహనాల చోరీని వ్యవస్థీకృత నేరాల సరసన పేర్కొన్నది.

కంపెనీ సొమ్మనేది వేరే లేదు. అది ప్రీమియం కట్టిన వారందరి ఉమ్మడి నిధి. నేడు ఒకడు వ్రాసే అబద్ధం వలన, రేపు ఆటో పోగొట్టుకొన్న నిరుపేద డ్రైవరు అనుమానపు చూపులకు గురి అవుతాడు.

తాళంచెవి బండిలోనే వదలిన ఒక కేసులో, క్లెయిమును పూర్తిగా త్రోసిపుచ్చరాదని, నూటికి 75 వంతులు చెల్లించవలెనని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మాకూ ఆ లెక్కనే ముట్టింది. తగ్గిన పావు వంతు మా అజాగ్రత్తకు మేము చెల్లించిన రుసుము. నిజం వ్రాస్తే పైసా రాదన్న మాట మాత్రం నిజం కాలేదు.

విద్యార్థులారా! పాత బండి కొనే ముందు చాసిస్, ఇంజను నంబర్లను కాగితాలతో సరిచూడండి. బిల్లు లేని చౌకబేరానికి లొంగవద్దు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే, మీ బండి చోరీకి పరిహారం రాదని గుర్తుంచుకోండి. బండి పోతే ఆలస్యం చేయక ఠాణాకు, బీమా కంపెనీకి తెలుపండి.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. మన సైకిల్ స్టాండులో చీటీ చూపనిదే బండి బయటకు పోని ఏర్పాటు చేయగోరుతున్నాము. మొదటి చీటీ మేమే తీసుకుంటాము.