దమ్ము తీసే చోటు

ముప్పై దాటాక సంగీతం మొదలుపెట్టాను. అప్పుడు ఉద్యోగం విజయనగరంలో. 1919లో పెట్టిన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా ఆదిభట్ల నారాయణదాసు, అక్కడే చదువుకున్న ఘంటసాల... ఇవన్నీ తలుచుకునే ఊళ్లో పెద్దవాడు సరళీ స్వరాలు పట్టుకు కూర్చుంటే నవ్వేవాళ్లు తక్కువ. మా మాష్టారు కూడా ఆ కళాశాలలో చదివినవారే. సాయంత్రాలు ఇంట్లో పాఠం చెప్పేవారు.

మొదటి కాలం, రెండో కాలం ఎలాగో గడిచాయి. మూడో కాలంలో ఆదితాళం ఒక ఆవర్తనంలో 32 స్వరాలు పడాలి. అక్కడ నాకు దమ్ము చాలేది కాదు. అందుకని ఎత్తుకునే ముందు ఛాతీ పొంగేలా గాలి పీల్చేవాణ్ని. భుజాలు చెవుల దాకా లేచేవి. తొణకకుండా నిండు బిందె మోసేవాడిలా బిగుసుకుని కూర్చునేవాణ్ని.

మాష్టారు కొన్నాళ్లు చూసి, ఒకరోజు తంబురా పక్కన పెట్టారు. "ఊపిరి లేక కాదు బాబూ, ఎక్కువై అవస్థ పడుతున్నావు" అన్నారు. గాలి అంత నిండితే అది బయటికి తోసుకొస్తుంది, దాన్ని ఆపడానికి గొంతు బిగుసుకుంటుంది, బిగిసిన గొంతులో స్వరం కదలదు అని ఆయన వివరణ. పైగా నేను పాత గాలి పూర్తిగా వదలకుండానే కొత్తది ఎక్కించేవాణ్ని. లోపల గాలి ఉండగానే ఆయాసం రావడానికి అదే కారణం.

నా గడ్డం కింద, ఎముక వెనకాల ఉండే మెత్తని చోట, రెండు వేళ్లు ఆనించి ఆరోహణ పాడమన్నారు. మధ్యమం వరకు అది మెత్తగానే ఉంది. ధైవతం దాటేసరికి గట్టిపడింది. తారస్థాయి షడ్జమం దగ్గర చెక్కముక్కే. "స్వరం పైకెళ్తుంటే నాలుక మొదలు ఎందుకు లాక్కుంటున్నావు? దాన్ని అక్కడే ఉండనీ" అన్నారు. అక్కడ నా వేళ్లే పెట్టి చూసుకున్నాక నమ్మాను. దవడ వదిలేసి, పళ్లు ఒకదానికొకటి తగలకుండా అకార సాధకం చేయించారు. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి పాడమనడం మాత్రం నాకు నచ్చలేదు. పెద్దవాణ్ని కదా, పక్క గదిలో ఇంట్లోవాళ్లు ఉండేవాళ్లు. కానీ పుస్తకం మెల్లగా దిగుతోందా, ఒక్కసారిగా పడుతోందా అన్నది అలా పడుకుంటేనే తెలిసింది.

జంట స్వరాల పాఠంలో నాతోపాటు ఒక చిన్నపిల్ల ఉండేది. జంటలో రెండో స్వరాన్ని నొక్కాలి. నేను గొంతుతో నొక్కితే మెడ నరాలు పైకి తేలేవి. ఆ పిల్ల నొక్కిన ప్రతిసారీ గౌను మీద నడుం పట్టీ చిన్నగా కదిలేది, మొహంలో మాత్రం ఏ శ్రమా కనిపించేది కాదు. 'నాభి నుంచి పాడు' అని పెద్దలు అనేది వేదాంతం అనుకునేవాణ్ని, పిల్ల నడుం పట్టీ చూశాక అది చేతికందే విషయం అనిపించింది.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు పాడే గోష్ఠిలో నన్నూ కూర్చోబెట్టారు. వాటిలో వరాళి రాగ కృతి నేర్పితే గురుశిష్యులకు పడదంటారు కాబట్టి దాన్ని మాష్టారు చెప్పలేదు, విని పట్టుకున్నాను. గోష్ఠిలో సుఖం ఏమిటంటే, నేను ఆగిన చోట పక్కవాళ్లు పాడుతూనే ఉంటారు. ఆ ధైర్యానికే కాబోలు, దవడ బిగియలేదు.

దిగి వచ్చాక మాష్టారు, "శ్రీరాగ కృతిలో దమ్ము ఎక్కడెక్కడ తీశావు?" అని అడిగారు. చెప్పలేకపోయాను. మర్నాడు ఒక చరణం ఒంటరిగా పాడించి, ఊపిరి తీసిన చోట నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీత పెట్టమన్నారు. మూడు గీతలు వచ్చాయి. రెండు మాట మధ్యలో పడ్డాయని రబ్బరుతో చెరిపేశారు. "ఆ ఒక్కదాంతో మళ్లీ పాడు" అని తాళం మొదలుపెట్టారు.