ముసుగు తీసే ప్రయాణం

అరబీ భాషలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ముసుగు తొలగించడం, బయల్పరచడం అనే అర్థాలు గల ధాతువుతో ఈ పదానికి సంబంధం ఉంది. ప్రయాణం మనుషుల స్వభావాలను బయటపెడుతుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని పూర్వ నిఘంటుకారులు వివరించారు. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన ఈ పాఠానికి మొన్నటి శీతాకాలంలో హార్స్‌లీ కొండల మీద ఒక ఉదాహరణ దొరికింది.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నదీ విడిది. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే బాలిక కథను స్థానికులు నేటికీ చెప్పుకుంటారు. ఆంగ్లేయుల పాలనలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ వేసవి కోసం ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో కొండకు ఆయన పేరు స్థిరపడింది. కడప కలెక్టరుకు ఇక్కడేం పని అనే సందేహం కలుగవచ్చు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనిదే.

మేము నలుగురం ఒకే మదరసాలో ఒకే చాప మీద చదువుకున్నవాళ్ళం. ఇద్దరం ఉపాధ్యాయులం, ఒకరు రాయచోటిలో బట్టల వ్యాపారి, మరొకరు ఒక చిన్న పట్టణంలో ఇమాము. శుక్రవారం మదనపల్లెలో జుమా నమాజు చేసుకుని, టమాటా మార్కెట్ దగ్గర కూరగాయలు కొనుక్కుని బయలుదేరాము. ఇమాము మిత్రుడు కూడా మాతోపాటు వరుసలో కూర్చుని ప్రసంగం విన్నాడు. “మీ ఊళ్ళో ఈ రోజు ఖుత్బా ఎవరు ఇస్తున్నారు?” అని వ్యాపారి అడిగితే, “ఏర్పాటు జరిగిందిలే” అని ముక్తసరిగా బదులిచ్చాడు.

అటవీ భూమిలో ఇష్టం వచ్చినచోట గుడారం వేయరాదు. అనుమతి పొందిన ఆవరణలోనే వేసుకున్నాము. సాయంత్రం గాలిబండ మీద నిలబడితే ఆ పేరెందుకు వచ్చిందో అడగనక్కర లేకపోయింది. తలమీది టోపీని చేత్తో పట్టుకోవలసి వచ్చింది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందంటారు. ఆ లెక్క యాభై దాటిన మోకాళ్ళకు బాగా తెలుస్తుంది. చిన్న స్టవ్ మీద రాగి సంగటి, టమాటా పప్పు వండుకున్నాము.

ఇషా వేళ అలవాటు ప్రకారం ఇమాము మిత్రుణ్ణి ముందు నిలబడమన్నాము. “ఈ పూట వద్దు, మీరే నిలబడండి” అని వెనక్కు తగ్గాడు.

చలిమంట వేయలేదు. చుట్టూ నీలగిరి చెట్లు. ఆ ఆకులో నూనె ఉంటుంది, ఎండుటాకుకు నిప్పురవ్వ చాలు. స్టవ్ ఆర్పేసరికి ఒకరి ముఖం ఒకరికి కానరాని చీకటి. ఆ చీకట్లోనే అతడు నోరు విప్పాడు.

“ఇరవై రెండేళ్ళు చేశాను. గొంతు బొంగురు పోయింది. కమిటీవారు యువకుణ్ణి పెట్టుకున్నారు. ఆ కుర్రవాడు బాగా పఠిస్తాడు, అతనిలో లోపమేమీ లేదు. నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. అమ్మాయి నిండు చూలాలు, తనకింకా చెప్పలేదు.”

కొంతసేపు గాలి చప్పుడే వినిపించింది. జాలి మాట ఎవరమూ పలకలేదు. వ్యాపారి మెల్లగా అన్నాడు: “మా వీధి పిల్లలకు సాయంత్రం ఖుర్‌ఆన్ నేర్పేవారు లేరు భాయ్. దుకాణం మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.”

“ఊరికే అయితే రాను. అద్దె తీసుకోవాలి.”

“తీసుకుంటాను. జీతం కూడా ఇస్తాను. రెండూ రాసుకుందాం.”

లావాదేవీ ఎంత చిన్నదైనా రాసుకోవాలన్నది మేము చదువుకున్న చదువే. టార్చి వెలుగులో నా చేతి పుస్తకంలో జీతమెంతో, అద్దె ఎంతో, ఏ తేదీ నుండో రాశాను. మిగిలిన ఇద్దరం సాక్షులుగా సంతకం చేశాము. దానమైతే అతని తల వంగేది. ఒప్పందం కనుక అద్దె మరో రెండు వందలు తగ్గించమని బేరమాడాడు. ఆ రాత్రి మేము మొదటిసారి నవ్వింది అప్పుడే. ఫజర్‌కు ఎవరూ చెప్పకుండానే ముందు నిలబడ్డాడు. గొంతు బొంగురుగానే ఉంది, పఠనంలో తడబాటు లేదు.

పాఠక సోదర సోదరీమణులారా! మన మస్జిదులలో జీవితమంతా సేవ చేసిన ఎందరికో వృద్ధాప్యానికి ఏ ఏర్పాటూ ఉండదు. జీతంతోపాటు ఇల్లు కూడా పదవితోనే పోతుంది. ఇమామును నియమించే రోజునే, ఆయన విరమించే రోజుకు కూడా కొంత సొమ్ము విడిగా కూడబెట్టడం ప్రతి కమిటీకి సాధ్యమే.

మరొక మాట. ఫోనులో “అంతా క్షేమమే” అనే మిత్రుడు నిజంగా క్షేమమేనా అన్నది ఫోను చెప్పదు. వీలైతే అతనితో కలిసి ఒక రాత్రి ఎక్కడికైనా వెళ్ళండి. కలిసి వండుకోండి, దీపం ఆర్పాక కూడా కాసేపు మేలుకొని ఉండండి.